పక్క మంచం బౌలర్

లీగ్ మళ్లీ మొదలవుతుందన్న కబురు వచ్చినప్పుడు నేను గద్వాలలో, మా వీధి చివరి మెకానిక్ దగ్గర బండికి ఆయిల్ మార్పిస్తూ నిలబడి ఉన్నాను. మా జట్టు మేనేజర్ ఫోన్ చేశాడు.

"మిగిలిన నాలుగు మ్యాచులు ఆడిస్తరంట. చూడనీకె ఎవర్నీ రానియ్యరు. సోమారం వనపర్తికి వచ్చెయ్. గదే హాస్టల్, గదే గ్రౌండ్."

"వస్త సార్" అన్నాను. ఎండాకాలంలో పదహారుమందిమి విడిపోయాం. ఈసారి పదిహేనుమందిమే కలుస్తాం. ఆ పదహారోవాడు నా గదిలో, పక్క మంచం మీద పడుకునేవాడు.

మాది పాలమూరు వైపు ఆటగాళ్లతో కట్టిన జట్టు. జీతానికి ఆడేవాళ్లం. టీవీలో కనిపించేంత పెద్ద ఆట కాదు కానీ, ఊళ్లో నలుగురు గుర్తుపట్టి పలకరించేంత ఆట. నేను వికెట్ కీపర్ని. అప్పటికి ముప్పై మూడేళ్లు. మోకాళ్లు అరుగుతున్నాయి, ఇంకో రెండు సీజన్లు దొరికితే చాలనుకుంటున్న వయసు. కరోనా మొదటిసారి వచ్చిన ఏడాది లీగ్ జరగనే లేదు. మరుసటేడు వేసవిలో మొదలుపెట్టి ఐదు మ్యాచులు ఆడించారో లేదో, రెండోసారి వచ్చి పడింది. ఎక్కడివాళ్లం అక్కడికి వెళ్లిపోయాం. వానలు మొదలై, దవాఖానల్లో మంచాలు ఖాళీ అయ్యాక ఇదిగో, మళ్లీ పిలుపు.

సోమవారం హాస్టల్‌కు వెళితే అదే గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. రెండు మంచాలు, మధ్యలో ఒక స్టూలు, కిటికీకి నాలుగు ఇనుప చువ్వలు. నేను నా తువ్వాలును చువ్వల మీద ఒక పక్కకు జరిపి ఆరేశాను. ఆరేశాక, ఎందుకు పక్కకు జరిపానో అర్థమైంది. రెండో పక్కన వాడి సాక్సులు ఉండేవి.

వాడు ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. ఇరవై నాలుగేళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, లింగాల దాటి నల్లమలలోకి పోయే దారిలో ఉన్న ఒక చిన్న పెంట వాడిది. అడవిలో చెంచుల ఊరిని పెంట అంటారు. ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నప్పుడు అక్కడి సారొకాయన వాడి చేతికి బంతి ఇచ్చాడట. జట్టులోకి వచ్చిన మొదటి రోజు, లేసులతో ముడేసిన బూట్ల జతను మెడలో వేసుకుని వచ్చాడు. మర్యాదగా మాట్లాడేవాడు కానీ గదిలో మాత్రం నన్ను ఒక్క నిమిషం ఊరుకోనిచ్చేవాడు కాదు. ఏసీ వేస్తే దుప్పటి కప్పుకుని పళ్లు కొట్టుకుంటున్నట్టు నటించేవాడు. లిఫ్ట్ ఎక్కడానికి భయపడేవాడు. మ్యాచ్ కోసం వేరే ఊళ్లో హోటల్లో దిగినప్పుడు ఐదో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి, "ఇది గూడ ప్రాక్టీసే గదన్నా" అని నన్నే దబాయించేవాడు. రోజూ సాక్సులు ఉతికి నా తువ్వాలు మీదే ఆరేసేవాడు. దాని మీద మాకు రోజూ గొడవే.

బంతి వేసే ముందు అందరు బౌలర్లూ కెప్టెన్ వైపు చూస్తారు. వాడు నా వైపు చూసేవాడు. నేను గడ్డం ఇటు తిప్పితే బంతి ఇటు, అటు తిప్పితే అటు. మూడో మనిషికి తెలియని మాట అది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఎండాకాలం క్యాంపులో ఎవరూ గేటు దాటి బయటికి పోకూడదని కట్టడి. ఒక మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసింది. మా పాప మెట్ల మీద నుంచి పడింది, కనుబొమ్మ చీలింది, కుట్లు వేశారు. వెనకనుంచి పాప ఏడుపు వినిపిస్తోంది, "నాయినొస్తే గానీ తినను" అంటోంది. నేను బూట్లు వేసుకోవడం చూసి వాడే అడిగాడు.

"పోతున్నవా అన్నా?"

"పోయొస్త. సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేస్త. ఎవరికీ చెప్పకు."

"నేను చూస్కుంటలే. నువ్వు జర మెల్లగ పో."

వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా కృష్ణ దాటి గద్వాలకు బండి మీద గంటంబావు. పాపకు అన్నం తినిపించాను. ఇంట్లో మా బావమరిది ఉన్నాడు, అయిజ మార్కెట్‌లో హమాలీ మేస్త్రీ. ఒకటే దగ్గు. "పత్తి దుమ్ము బావా" అన్నాడు. నేనూ నమ్మాను. నమ్మడం నాకు సులువుగా ఉంది. నాలుగున్నరకు గ్రౌండ్‌లో ఉన్నాను. అన్నకు తలనొప్పి, పడుకున్నాడని వాడు కోచ్ సారుకు చెప్పి ఉంచాడు.

మర్నాడు అందరికీ పరీక్షలు చేశారు. నాకు ఏమీ లేదని వచ్చింది. నాలుగో రోజు పొద్దున మోకాళ్లకు రాసుకునే బామ్ డబ్బా మూత తీస్తే వాసన రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ పీల్చాను. రాలేదు. పక్క మంచం మీద వాడు తలకింద చెయ్యి పెట్టుకుని ఫోన్లో ఏదో చూసి నవ్వుతున్నాడు. నేను మూత పెట్టేశాను. చెబితే గేటు దాటిన సంగతి బయటపడుతుంది, జట్టులోంచి తీసేస్తారు. ఒళ్లు కాలడం లేదు కదా, దగ్గు లేదు కదా అనుకున్నాను. ఒక మాత్ర వేసుకున్నాను. కిటికీ తలుపు తెరిచి పెట్టాను. నేను చేసిన జాగ్రత్త అదొక్కటే.

ఇంకో నాలుగు రోజులకు లీగ్ ఆపేశారు. అప్పటికి వేరే జట్లలోనూ జ్వరాలు వచ్చాయి. వాడు ఆరని సాక్సులు సంచిలో కుక్కుకుని, బూట్ల కిట్ మాత్రం హాస్టల్లోనే ఉంచి, "రెండు వారాల్ల మళ్ల పిలుస్తరు గద, ఎందుకు మోసుడు" అని జీపెక్కాడు. ఇంటికి చేరిన రెండో రోజు జ్వరం వచ్చిందట. జీపులో అంటుకుందో, దారిలోనో, ఊళ్లో పెళ్లిలోనో, నా నుంచో. ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్లలో ఈ లెక్కను నేను ఎన్నో రకాలుగా వేసి చూశాను. ప్రతిసారీ రోజులు నా దగ్గరకే వచ్చి సరిపోతాయి.

నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి వాడు నాకు ఒక్కసారి ఫోన్ చేశాడు. మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"అన్నా, పాప ఎట్లున్నది? కుట్లు ఇప్పిన్రా?"

"ఇప్పిన్రు. నువ్వెట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న. ఈడ అన్నం బాగలేదు."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "ధైర్యంగా ఉండు తమ్మీ" అన్నాను. తర్వాత వాణ్ని పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఆరో రోజు పోయాడు. జట్టు గ్రూపులో మేనేజర్ నాలుగు మాటలు రాశాడు. కింద అందరూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేనూ పెట్టాను. వాళ్ల ఇంటికి పోలేదు. మొదట పోనివ్వలేదు, తర్వాత పోగలిగీ పోలేదు.

అలా నాలుగు నెలల తర్వాత మళ్లీ ఆ గదిలోకి వచ్చాను. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. కానీ క్యాంపు జరిగిన ఆ మూడు వారాలూ వాడు నా చుట్టూనే ఉన్నాడు, అదీ పట్టపగలు. మెట్ల దగ్గర ఎవరైనా రెండేసి మెట్లు ఎక్కుతుంటే తల తిప్పేవాణ్ని. టిఫిన్ దగ్గర పెరుగు గిన్నె వాడి కోసం పక్కకు పెట్టేవాణ్ని. ఒకరోజు బామ్ రాసుకుంటుంటే ఘాటు ముక్కుకు తగిలి, సగంలోనే వదిలేసి బయటికి వచ్చేశాను. ఆ డబ్బా మళ్లీ ముట్టలేదు.

వాడి స్థానంలో కొత్త బౌలర్‌ను తీసుకున్నారు. పాన్‌గల్ అతను. ఇరవై తొమ్మిదేళ్లు, సొంత ట్రాక్టర్ నడుపుకుంటూ మూడేళ్లుగా జట్టు పిలుపు కోసం ఎదురుచూసినవాడు. అతన్ని నా గదిలోనే వేశారు. సంచితో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నా, ఆయన మంచం ఇదేనా?"

"ఔ."

అతను సంచి కింద పెట్టి, చాప అడిగి తెచ్చుకున్నాడు. "నేను కిందనే పండుకుంట. నడుముకు మంచిది" అన్నాడు. నేను బలవంతం చేయలేదు. హాస్టల్ ఊడ్చే ఆవిడ రెండు రోజులకోసారి వచ్చి, ఎవరూ పడుకోని ఆ మంచం మీద దుప్పటి తీసి, ఉతికింది పరిచి పోయేది. మేమిద్దరం చూసేవాళ్లం.

గ్రౌండ్‌లో నా ఆట చెడిపోయింది. లెగ్ వైపు వచ్చే బంతులు చేతికి అందడం లేదు. కొత్త అతను కుడిచేతి బౌలర్, నేనేమో ఎడమచేతి బౌలర్ వేస్తున్నట్టు నిలబడుతున్నాను. రెండో వారంలో మాలో మేమే రెండు జట్లుగా ఆడుకున్న మ్యాచ్‌లో, వరసగా రెండు క్యాచులు వదిలేశాను. ఓవర్ మధ్యలో కొత్త బౌలర్ నా దగ్గరకు నడిచి వచ్చాడు.

"ఏమనుకోకు అన్నా. నేను బంతి ఏసేటప్పుడల్ల తల గట్ల తిప్పుతున్నవ్. నన్ను ఏమన్న జెయ్యమంటున్నవా? నాకు తెల్వక అడుగుతున్న."

"ఏం లేదు. అలవాటు" అన్నాను. గ్లవ్స్ తీసి చంకలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మైదానం దాటి నడిచాను.

కోచ్ సారు నా వెనకే వచ్చాడు. శ్రీరంగాపూర్ దగ్గర బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడు. నీళ్ల ట్యాంకర్ నీడలో కూర్చున్నాం. ఆయన అడగలేదు, నేనే మొదలుపెట్టాను. గేటు దాటిన సంగతి, బావమరిది దగ్గు, బామ్ వాసన, ఫోను, అన్నీ చెప్పాను. ఆయన నేల వైపే చూస్తూ విన్నాడు.

"నాకు ఆ దినమే తెల్సు" అన్నాడు చివరికి.

నాకు అర్థం కాలేదు.

"తలనొప్పి అని వాడు చెప్పిండు గద. వాడికి అబద్ధమాడ రాదు, మొకం చూస్తెనే తెలుస్తది. నువ్వు వచ్చినంక నీ బండి కాడికి పోయి ఇంజన్ మీద చెయ్యి పెట్టిన. కాలింది. మేనేజర్‌కు చెప్తె నిన్ను అప్పుడే పంపేద్దురు. కీపర్ లేకుంట ఎట్ల ఆడాలె అని ఊకున్న. నీ కోసం గాదు, మ్యాచ్ కోసం ఊకున్న." ఆయన తన అరచేతిని చూసుకున్నాడు. "నాలుగు నెల్ల సంది నాకు గూడ నిద్ర లేదు."

ఒకరినొకరు ఓదార్చుకునే అర్హత ఇద్దరికీ లేదు. ఆయన లేచి, "వాని కిట్ నా రూములనే ఉంది. ఎవరో ఒకరు ఇచ్చి రావాలె. నువ్వు పో. పోయి చెప్పు. ఏమంటరో పడు" అన్నాడు.

సెలవు రోజున, ఈసారి మేనేజర్‌కు చెప్పి బయలుదేరాను. పాన్‌గల్ అతను తన కారు తీశాడు. నేను వద్దన్నా వినలేదు. "నాకు చాన్సు ఎట్ల దొరికిందో ఆళ్ల మొకం చూసి తెల్సుకోవాలె గదన్నా" అన్నాడు. నాగర్‌కర్నూల్ దాటాక నల్లరేగళ్లు పోయి ఎర్ర నేలలు వచ్చాయి, తర్వాత రాళ్లు, తర్వాత అడవి. సన్నగా వాన. వెనక సీట్లో కిట్ సంచి ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా అది ఒరిగేది, అందులోని బూట్ల ముళ్లు టకటకమనేవి. ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు.

వాళ్ల ఇల్లు రేకుల కప్పు, ముందు చిన్న పందిరి. వాళ్ల నాయన అడవిలో కావలి పనికి పోయి అప్పుడే వచ్చినట్టున్నాడు, తడిసిన చొక్కా పిండుతున్నాడు. వాళ్లమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. నేను ఎవరినో చెప్పుకున్నాను. ఆమె చెరగడం ఆపలేదు. నాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేకపోయాను. సంచి గోడకు ఆనించి, నిలబడే అంతా చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. బామ్ డబ్బా సంగతి కూడా చెప్పాను.

నాయన చొక్కా తీగ మీద ఆరేసి వచ్చాడు.

"నీ బిడ్డకు గాయం మానిందా?" అని అడిగాడు.

మానిందని తల ఊపాను.

"మాకు ఎరికనే అయ్యా. జరమొచ్చి పండుకున్నప్పుడు వాడే చెప్పిండు. అన్న బిడ్డను చూడనీకె పోయిండు, నేను సారుకు అబద్ధం చెప్పిన, ఎవరితోని అనొద్దు, అంటె అన్నను తీసేస్తరు అన్నడు. మేం ఎవరితోని అనలే."

నాలుగు నెలలు నా రహస్యాన్ని నాకన్నా గట్టిగా వాళ్లు దాచారు. నా కోసం కాదు, కొడుకు చెప్పాడని.

"నాయినా, నా వల్లనే..." అన్నాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నీ వల్లనా అని నన్ను అడగకు. ఔనంటె నీకెవరు అంటిచ్చిన్రు, ఆళ్లకెవరు అంటిచ్చిన్రు, యాడిదాక పోవాలె? కాదని గూడ నాతోని చెప్పియ్యకు. నాకు తెల్వదు. తెల్వంది నేను చెప్ప."

అప్పుడు వాళ్లమ్మ చాట కింద పెట్టింది. మొదటిసారి తలెత్తి నన్ను చూసింది.

"రోగం సంగతి ఇడిసిపెట్టు. నువ్వు రాకపోతివి. ఇంట్ల వాడు రోజూ నీ మాటే చెప్తుండె. అన్న గిట్లన్నడు, అన్న గట్లన్నడు. వాడు పోయినంక నువ్వొస్తవని దారి చూసిన. నెల చూసిన, రెండు నెల్లు చూసిన. ఫోన్ గూడ జేయకపోతివి. నా కడుపుల గదే ఉంది."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. మేము బయలుదేరేదాకా బయటికి రాలేదు. నాయన సంచి విప్పి, ఒక బూటు తీసి అడుగున ఉన్న ముళ్లను వేలితో తడిమి చూశాడు. "ఈటితోని ఉరుకుతుండెనా" అని మళ్లీ లోపల పెట్టాడు. తిరుగు దారిలో పాన్‌గల్ అతను వనపర్తి వచ్చేదాకా కారు ఎక్కడా ఆపలేదు. గదికి వచ్చాక, చాప చుట్టి మూలకు పెట్టి, వాడి మంచం మీద పడుకున్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను.

మిగిలిన నాలుగు మ్యాచులు ఆడాం. మూడు ఓడి ఒకటి గెలిచాం. చివరి మ్యాచ్ అయిన మర్నాడు నేనూ కోచ్ సారూ జరిగింది జరిగినట్టు రాసి మేనేజర్‌కు ఇచ్చాం. సారును ఇంటికి పంపారు. నన్ను ఒక సీజన్ ఆడవద్దన్నారు. ఆ సీజన్ అయిపోయాక పిలిచారు కానీ నేను పోలేదు. ఇప్పుడు గద్వాలలో ఆటల సామాన్ల చిన్న దుకాణం పెట్టుకున్నాను. మా పాప కనుబొమ్మలో ఆ గీత అలాగే ఉంది. అక్కడ వెంట్రుకలు మొలవలేదు. జడ వేసేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు నా కళ్లు అక్కడికే పోతాయి. తనకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన వయసు ఏదో తెలియడం లేదు.

పెంటకు మాత్రం పోతున్నాను. రెండు మూడు నెలలకోసారి. నాయన నాతో వానల గురించి, అడవి పందుల గురించి మాట్లాడతాడు. అమ్మ మాట్లాడదు. గ్లాసు నీళ్లు తెచ్చి నా చేతికి కాకుండా అరుగు మీద పెడుతుంది. అది నాకు తక్కువేమీ కాదు.

పోయిన ఏడాది నాయన ఫోన్ చేశాడు. "ఆమెకు మోకాళ్లు నొస్తున్నయ్. బస్సు ఎక్కలేకపోతుంది. జర నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోతవా?" అప్పటికి నేను పాత కారొకటి కొన్నాను. తీసుకుపోయాను. ఆమె వెనక సీట్లో కూర్చుంది. డాక్టరుకు చూపించి, మందులు తీసుకుని తిరిగి వస్తుంటే, ఊరి బయట ఒక బీడులో క్రికెట్ ఆడుతున్నారు. పొడుగాటి అతనొకడు దూరం నుంచి ఉరుకుతూ వచ్చి బంతి వేస్తున్నాడు.

"ఆపు" అంది ఆమె.

కారు రోడ్డు పక్కన ఆపాను. కిటికీ అద్దం దించమంది. దించాను. కొడుకు ఆడిన ఒక్క మ్యాచ్ కూడా ఆమె చూడలేదని నాకు అప్పటిదాకా తట్టలేదు.

"వాడు జేసే పని గదేనా? గట్ల ఉరికొచ్చి ఏసుడా?"

"అదే అమ్మా. ఇంకా జోరుగ వస్తుండె."

"నువ్వు యాడ నిలవడుతుంటివి?"

వికెట్లుగా పాతిన కట్టెల వెనక వంగి నిలబడ్డ కుర్రాణ్ని చూపించాను. ఆమె అతన్ని చూసింది, తర్వాత వెనక్కి నడిచిపోతున్న బౌలర్‌ను చూసింది. అతను నడుస్తూనే ఉన్నాడు, తుమ్మ చెట్ల దాకా పోయి అక్కడ తిరిగి నిలబడ్డాడు.

"గంత దూరమా మీ ఇద్దరికి" అంది.

ఔనన్నాను. ఆమె చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, మందుల సంచి ఒళ్లోకి తీసుకుంది. పొమ్మంటుందేమోనని తాళంచెవి మీద చెయ్యి వేశాను. "ఇంకో రెండు చూద్దాం" అంది.